రాద్కా పొద్దుటి నీడ

రాద్కా అని ఒక మనిషి. అబ్బో, ఏం పొడుగనుకున్నారు, మన పోలమ్మ గుమ్మంలోంచి వంగకుండా రాలేదు చూడు, దానికంటే ఇంకో జానెడు ఎక్కువంట. గొంతు కూడా అంతే. ఏటి ఇవతల ఒడ్డున నిలబడి మొగుణ్ణి తిట్టిందనుకో, అవతల ఒడ్డున గొర్రెలు కాసుకునేవోడు తననేమో అనుకుని లేచి నిలబడేవోడంట. రొట్టెలు కాల్చి అమ్మేది. తెల్లారేసరికి పొయ్యిలోంచి ఏడి ఏడి రొట్టెలు తీసి, తట్టలో పేర్చి, తట్ట భుజానికెత్తుకుని ఊరంతా తిరిగేది. మొగుడు పెట్కో అని, చేపలోడు. పొట్టోడు. ఆవిడ చంక కిందకి సరిపోయేవోడంట. ఆడు పట్టే చేపలు ఎలాంటివనుకున్నారు, ఒక్కోటి మనిషంత పొడుగు, దాని కడుపులో నల్లటి గుడ్లు. పులస కంటే బాగుంటదా అని మా ఆయన్నడిగేను. నోరు కడుక్కో, పులసతో పోలికేంటి అన్నాడు. అది వేరే సంగతి.

ఇదెక్కడి కథే అప్పా అంటావేంటి మంగతాయీ, చెప్తన్నాను కదా, ఆగు. మా ఆయన ఓడల మీద వంటోడు కదా. ఒకసారి ఓడ బలుగేరియా అనే దేశంలోకి ఎల్లిందంట. సముద్రం లోంచి కాదు, ఏట్లోంచి. దునావు అంటారంట ఆ ఏరుని. ఏరంటే మన గోదారే అనుకో, అవతల ఒడ్డు సన్నంగా గీత గీసినట్టు కనపడుద్ది. ఆ ఒడ్డున పాతకాలం నాటి ఊరు. ఊరి పేరు ఆయన పదిసార్లు చెప్పేడు, నా నోరు తిరగలేదు. ఆళ్ళ పేర్లన్నీ నోట్లో ఉప్పుకల్లు పెట్టుకుని పలికినట్టుంటాయి. అక్కడ ఓడ ఇంజిను పాడైపోయి పద్దెనిమిది రోజులు కదల్లేదు. ఈయన ఊరుకుంటాడా, రొట్టెల కొట్టు ముసలాయనతో జత కట్టేడు. ఒకరి భాష ఒకరికి రాదు. వంటోడికీ రొట్టెలోడికీ భాషెందుకు, చేతులూపుకుని అన్నీ చెప్పుకున్నారంట. కాబట్టి ఈ కథలో కొంత ముసలాయనది, కొంత మా ఆయనది, కొంత నాది. ఏది ఎవరిదో నన్నడక్కండి.

ఆ ఊరికి మొదట రోము రాజులొచ్చి ఏటి ఒడ్డున కోట కట్టేరంట. ఆళ్ళు పోయేరు. తర్వాత ఆ దేశపు రాజులే వచ్చి ఆ రాళ్ళే పీకి ఇంకో కోట కట్టేరు. ఆళ్ళూ పోయేరు. ఆ తర్వాత తుర్కీ వాళ్ళొచ్చి అయిదొందలేళ్ళు కూర్చున్నారు, ఆళ్ళూ మళ్ళీ ఆ రాళ్ళే పీకేరు. రాజులు మారతారు గానీ రాయి అదే కదా. పెద్దోళ్ళు పీకితే లేనిది మనం పీకితే తప్పా అని ఊళ్ళో జనం కూడా తలో రాయీ పట్టుకుపోయి గోడలు కట్టుకున్నారు. రాద్కా రొట్టెల పొయ్యి ఉంది చూడండి, దాని అడుగు రాయి మీద ఎవరో రోము రాజు పేరు చెక్కి ఉండేదంట. ఆ రాజు నెత్తి మీద రోజూ నిప్పులు పోసేది ఈవిడ.

మన కథ తుర్కీ వాళ్ళ కాలంలోది. సుల్తాను ఎక్కడో దూరంగా ఉంటాడు, ఊరికి పెద్ద ఆగా. మన మునసబు అనుకో, కాకపోతే కత్తున్న మునసబు. చెడ్డోడు కాదంట పాపం, కానీ గొప్పలోడు. ఆయనకో గుర్రం, నల్లది, నుదుటి మీద తెల్లమచ్చ. ఆళ్ళ భాషలో చుక్క అని పేరు. పెళ్ళాం పేరైనా మర్చిపోతాడేమో గానీ చుక్క పేరు మర్చిపోడు. ఆయన తిన్న పళ్ళెంలోంచే దానికి పెట్టేవోడంట. ఇంక ఊళ్ళో జనమేమో ఏసుప్రభువు వాళ్ళు. ఆళ్ళకి గుడి కట్టుకోనిచ్చేవోళ్ళు, కాదనేవోళ్ళు కాదు, కానీ ఒక కట్టుబాటు. ఏంటంటే, ఆగా గుర్రమెక్కి కూర్చుంటే ఆయన తలపాగా కంటే గుడి గోడ ఎత్తుండకూడదు. ఏం చేస్తారు మరి. గుడి కట్టాలంటే ముందు నేలలోకి గొయ్యి తవ్వి, నాలుగు మెట్లు దిగి, సగం గుడి మట్టిలో, సగం పైన. అలా కట్టుకునేవోళ్ళు. బయట్నించి చూస్తే గొడ్లపాక లాగుండేదంట.

ఆ గుడిలో అందరికంటే ఎక్కువ బాధ ఎవరికంటారు? రాద్కాకి. పొడుగు మనిషి కదా. ప్రతి ఆదివారం దూలానికి నెత్తి కొట్టుకోవడమే. ఆళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురికి కిరీటం పెడతారంట. ఈవిడ కిరీటం పెట్టుకుని లేచిందో లేదో టంగుమని దూలానికి తగిలింది, కిరీటం ఎగిరెళ్ళి పెట్కో ముక్కు మీద పడింది. ఆడు నవ్వేడు. నవ్వుతావా, నా తల పగిలితే నవ్వుతావా అని అక్కడే, పాదిరిగారి ముందే మొదలెట్టింది తిట్టడం. ఆరోజు మొదలెట్టింది ఇరవై ఏళ్ళు ఆపలేదు.

ఒకేడు ఏమైందంటే, చలికాలంలో ఏరు గడ్డ కట్టేసింది. ఒసేయ్ నవ్వకండి, నిజంగానే గడ్డ కడుద్దంట, మీద బండి తోలుకుని అవతలకి పోతారంట. గడ్డ కట్టింది సరే, కరిగేటప్పుడు ఉంది బాధ. ఇల్లంతేసి మంచుగడ్డలు కొట్టుకొచ్చి ఒడ్డు మీద పడ్డాయి. వరద సంగతి మనకి చెప్పాలా. గుడి గోడలు రెండు పక్కలా కూలిపోయేయి. ఊరి పెద్దలందరూ ఆగా దగ్గరికెల్లి అయ్యా గుడి కట్టుకుంటాం, సెలవివ్వండి అన్నారు. ఆగా గడ్డం దువ్వుకున్నాడు. కట్టుకోండి, కానీ ముందు నాకు ఏటి ఒడ్డున గడియారం స్తంభం కట్టాలి, కింద ఊళ్ళోళ్ళకి ఉందంట, మాకు లేదు, అది నిలబడ్డాకే మీ గుడి అన్నాడు. సరే అన్నారు. అనకేం చేస్తారు.

తాపీ మేస్త్రి గెంచో అని ఉన్నాడు, ఆ చుట్టుపక్కల అంత పనోడు లేడు. ఆడి కింద ఇరవై మంది. ఆగా ముందు గుడి కొలత ఇచ్చేడు. ఎలాగంటే, కొత్త తలపాగా చుట్టుకుని చుక్క మీద ఎక్కి ఠీవిగా కూర్చున్నాడు. గుమస్తా ఒకడు పురికొస పట్టుకుని నేల నించి తలపాగా కొస దాకా లాగేడు. అయిదున్నర మూరలు వచ్చింది. అక్కడ తెంపి, కొసకి ఎర్ర లక్క అంటించి ముద్రేసేడు. ఇదిగో మేస్త్రీ, దీనికంటే ఏలెడు ఎత్తు లేచినా నీ తల ఎత్తు తగ్గుద్ది అన్నాడు. గెంచో ఆ పురికొస ఉండ చుట్టి నడికట్టులో దోపుకున్నాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి. ఎర్ర లక్క ఉన్న పురికొస.

ఇంక స్తంభం మొదలెట్టేరు. మన లంక భూమి లాగే అనుకో, కింద అంతా ఒండ్రు. రెండు నిలువులు లేచింది, ఒరిగిపోయింది. విప్పి మళ్ళీ కట్టేరు. మళ్ళీ ఒరిగింది. మూడోసారి ఒరిగితే గుడి లేదు, మేస్త్రి లేడు, పనోళ్ళూ లేరు అన్నాడు ఆగా. ఒట్టి మాట కాదు, ఆళ్ళు అన్నంత పనీ చేస్తారు. గెంచోకి ఇంట్లో నలుగురు పిల్లలు. తిండి సయించడం మానేసింది.

ఇప్పుడు ఆ దేశపు మాటొకటి చెప్పాలి. మన దగ్గర చెరువుగట్టు నిలబడకపోతే కోడల్ని బలిచ్చేరని పాటలు పాడతారు కదా, ఆళ్ళకీ ఉంది అలాంటిది, కాకపోతే ఆళ్ళు మనిషిని పెట్టరు, మనిషి నీడని పెడతారు. ఎలాగంటే, కట్టుబడి జరిగే చోటు పక్కగా ఎవరైనా నడుస్తున్నప్పుడు, ఆళ్ళకి తెలీకుండా ఆళ్ళ నీడని పురికొసతో కొలుస్తాడు మేస్త్రి. ఆ పురికొస పునాది గోడలో పెట్టి రాయి మూస్తాడు. గోడ ఇంక కదలదు. ఆ మనిషి నలభై రోజుల్లో పోతాడు. పోయి ఆ కట్టడానికి కాపలా దెయ్యమై ఉండిపోతాడు. అందుకని అక్కడ పొద్దుటా సాయంత్రం కట్టుబడి వైపు ఎవరూ పోరంట. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కింద ఉంటది, అప్పుడే ఎల్తారు. తల్లులు పిల్లల్ని, నీడ జాగర్తరా అని కేకేసి పంపుతారంట. నీళ్ళు జాగర్తరా అని మనం అనమా, అలాగే.

మరి రాద్కాకి తెలీదా అంటే, తెలుసు. కానీ రొట్టె ఏడిగా ఉండగానే పోవాలి కదా, పైగా ఆ తాపీ పనోళ్ళందరూ రోజూ తన రొట్టె తినేవోళ్ళే. రోజూ నీడ పడని పక్క నించి గోడ చాటుగా నడిచేది. ఆ రోజు అటు బురదగా ఉందని ఇటు నించి వచ్చింది. అంతే. గెంచో తెల్లారకముందు నించీ రాళ్ళ ఎనకాల కూర్చుని ఉన్నాడు. మొదట ఎవరొస్తే ఆళ్ళది అని మొక్కుకున్నాడంట. ఒక కుక్కైనా రాకూడదా, ఒక పందైనా రాకూడదా అని ఏడుస్తానే కూర్చున్నాడు. వచ్చింది రాద్కా. ఎనక నించి సూర్యుడు, ముందుకి ఇంత పొడుగు నీడ, అసలే పొడుగు మనిషి, పొద్దుటి పూట, ఎనిమిది మూరలు దాటింది. ఆడు వంగి పురికొస లాగేడు. ఆవిడ తిరిగి చూసింది. ఏం చేస్తున్నావ్ గెంచో? రాయి వెతుకుతున్నానమ్మా. చుట్టూ రాళ్ళే ఉంటే వెతికేదేంటయ్యా తిక్కలోడా అని నవ్వి, రొట్టెలిచ్చి ఎల్లిపోయింది.

ఆ పురికొస కూడా ఉండ చుట్టి నడికట్టులోనే దోపేడు. ఇప్పుడు రెండుండలు. మర్నాడు పొద్దున్నే పునాదిలో పెట్టాలి. పెట్టేటప్పుడు చూడకూడదంట, చూస్తే మేస్త్రి కళ్ళు పోతాయంట, మొహం పక్కకి తిప్పుకుని పెట్టాలి. గెంచో ధైర్యానికని పళ్ళతో కాచిన సారా రెండు గ్లాసులు తాగేడు, మొహం తిప్పుకున్నాడు, నడికట్టులో చెయ్యి పెట్టేడు, ఉండ తీసి సందులో తోసేడు, మీద రాయి మూసేడు. ఈసారి పునాదిలో మద్ది దుంగల్లాంటివి అరవై దించేడు. నన్నడిగితే దుంగల వల్లే నిలబడిందంటాను. ఏదైతేనేం, స్తంభం నిలబడింది. సగం మందిని గుడి పనికి పంపేడు.

ఇంక రాద్కాకి ఎలా తెలిసిందో ఇనండి. ఎవరూ చెప్పలేదు. రోజూ ఎల్లేసరికి ఆ తాపీ పనోళ్ళు ఏమనేవోళ్ళు, ఈ రొట్టెతో గోడ కట్టొచ్చే అని ఒకడు, నీ మొగుడు నిచ్చెనేసుకుని ముద్దెడతాడా అని ఒకడు, ఈవిడ ఆళ్ళని నాలుగు తిట్టడం, అలా నడిచేది. గెంచో రాయి మూసిన ఆ రోజు ఎల్లేసరికి అందరూ లేచి నిలబడ్డారు. టోపీలు తీసేరు. దండం తల్లీ అన్నారు. రొట్టె చాలా బాగుందమ్మా అన్నారు. నిజానికి ఆ పూట రొట్టె మాడిపోయింది. రాద్కా చేతిలో తట్ట చల్లబడిపోయింది. మనం ఎప్పుడు మర్యాద చేస్తామే మనిషికి? పోయేటప్పుడే కదా. తిన్నగా గెంచో దగ్గరికెల్లింది. నా కళ్ళల్లోకి చూడు అంది. ఆడు చూడలేదు. నాదేనా? ఆడు తలొంచేసేడు. ఇరవై మంది తలలమ్మా, నా పిల్లలమ్మా అని కాళ్ళు పట్టుకోబోయేడు. రాద్కా కొట్టలేదు, తిట్టలేదు. అంత నోరున్న మనిషి. ఏటికేసి చూసి, అయితే ఆ గుడైనా బాగా కట్టు గెంచో, ఇంకెవరూ నెత్తి కొట్టుకోకుండా కట్టు అని ఎల్లిపోయింది. ఆగండే. ఎవరే నీళ్ళివ్వండి.

ఇంటికెల్లి పొయ్యి గోడ మీద బొగ్గుతో గీత గీసింది. రోజుకో గీత. పెట్కోకి చెప్పలేదు. చెప్తే ఆడు ఎల్లి స్తంభాన్ని గునపంతో పొడుస్తాడు, ఆణ్ణి ఆగా పొడుస్తాడు. అందుకని చెప్పకుండా ఏం చేసిందంటే, ఆడికి రొట్టె కాల్చడం నేర్పడం మొదలెట్టింది. ఆడి రొట్టె కుక్క కూడా వాసన చూసి ఎల్లిపోయింది. ఇలా కాదు, ఈడికి పెళ్ళాం కావాలి అనుకుంది. తనే ఊరంతా తిరిగి మొగుడికి పెళ్ళాన్ని వెతకడం మొదలెట్టింది, చూసేరా. దోన్కా అని ఒకత్తి ఉంది, వంట బ్రహ్మాండంగా చేస్తది, కానీ మరీ అందంగా ఉంది. నేను పోయిన వారానికే నన్ను మర్చిపోతాడు, వద్దు అనుకుంది. ఇంకొకత్తి మంచిదే, కానీ నోరు పెద్దది. నా మొగుణ్ణి నేను తప్ప ఇంకెవత్తి తిడతది అని దాన్నీ వద్దంది. మూడోదానికి ఏ వంకా దొరకలేదు. దొరకలేదనే కోపం వచ్చి వద్దంది.

పెట్కోకేమో లోపల గుబులు. ఇరవై ఏళ్ళుగా తిట్టు ఇనకుండా ముద్ద దిగని మనిషి. ఒకరోజు వలంతా తెగిపోయి ఒట్టి చేతులతో వచ్చేడు. పోన్లే పెట్కో, రేపు పడతాయిలే, ఏడిగా తిను అంది. ఆడు చెంచా కింద పెట్టేసేడు. ఏమే, ఒంట్లో బాగుందా? బాగానే ఉందయ్యా. మరి తిట్టవేంటే? తిట్టేదేముంది, మంచోడివేగా. ఆ మాటకి ఆడికి చెమటలు పట్టేయంట. నువ్వు తిట్టకపోతే నాకు భయమేస్తంది రాద్కా, ఒక్క తిట్టు తిట్టవే అని బతిమాలేడు. ఆవిడ పెరట్లోకెల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడిచింది. కొంగుంటదా ఆళ్ళకి అంటారేమో, ఏదో గుడ్డ.

ముప్పై తొమ్మిదో గీత గీసిన రోజున ఇంక దాచలేక చెప్పేసింది. పెట్కో అరవలేదు, గునపం తియ్యలేదు. నీడే కావాలంటే నాది లేదా, నేను పొట్టోణ్ణి, పురికొస కూడా తక్కువ పట్టేది అన్నాడంట. పిచ్చి సచ్చినోడు.

నలభయ్యో రోజు. పొద్దున్నే లేచి తలంటుకుంది. పెళ్ళినాటి బట్టలు కట్టుకుంది. ఆళ్ళలో చనిపోయినోళ్ళ పేరు మీద గోధుమలు ఉడకబెట్టి తీపి కలిపి పంచుతారంట, తన గోధుమలు తనే పెద్ద కళాయిలో ఉడకబెట్టుకుంది. ఎవరు ఉడకబెట్టినా పలుకుగా ఉంచేస్తారని ఆవిడ భయం. పొయ్యిలో చివరి వాయి రొట్టెలు పెట్టి, మంచమెక్కి పడుకుంది. మంచం చాలక కాళ్ళు బయటికి. పాదిరిగారొచ్చేరు, ఊరి ఆడోళ్ళందరూ వచ్చేరు, పెట్కో చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చూస్తన్నారు, చూస్తన్నారు. పొద్దెక్కింది. మధ్యాహ్నమైంది. రాద్కా కళ్ళు తెరిచి, ఇంకా కాలేదా అంది. కాలేదమ్మా అన్నారు పాదిరిగారు. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అంతలో వీధిలో ఒక్క ఏడుపు లేచింది! ఆగా మేడ లోంచి. ఏంటి, ఏంటి అని అందరూ పరిగెత్తేరు. ఏమైందంటే, చుక్క పోయింది. నిక్షేపంలాంటి గుర్రం, పొద్దున్న బార్లీ తింది, నీళ్ళు తాగింది, మధ్యాహ్నానికి కాళ్ళు చాచేసింది. ఆగా దాని మెడ మీద పడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. జనం ఇటు రాద్కాకి ఏడవాలో అటు గుర్రానికేడవాలో తెలీక వీధిలో నిలబడిపోయేరు. సరిగ్గా అప్పుడే గుడి వైపు నించి గెంచో మేస్త్రి పరుగు. టోపీ లేదు, ఒక కాలికి చెప్పు లేదు, చేతిలో పురికొస. రాద్కా రాద్కా అని అరుస్తా గుమ్మంలో పడ్డాడు. చూడమ్మా చూడు, గుడి గోడలు పైకొచ్చేయి, దూలాలు ఎత్తుదామని ఇవాళే కొలత పురికొస విప్పేను, దీనికి లక్క లేదమ్మా, ఎర్ర లక్క లేదు, ఎనిమిది మూరలుంది, ఇది నీ నీడ తల్లీ, నీ నీడ నా మొలలోనే ఉంది! మొహం తిప్పుకుని చెయ్యి పెట్టేను కదా, గోడలో పెట్టింది ఆగా గుర్రం కొలత!

రాద్కా నెమ్మదిగా లేచి కూర్చుంది. ఆ పురికొస చేత్తో పట్టుకుని చూసింది. గెంచో మొహం చూసింది. పెట్కో మొహం చూసింది. అప్పుడు ముక్కు ఎగబీల్చి, ఏమయ్యా మొద్దు మొహం, పొయ్యిలో రొట్టెలు మాడిపోతంటే వాసన కూడా రావట్లేదా నీకు, చేపల కంపుకి ముక్కు చచ్చిందా, లే! అని ఒక్క అరుపు అరిచింది. అవతల ఒడ్డున గొర్రెలోడు లేచి నిలబడ్డాడంట. పెట్కో మాత్రం లేవలేదు. తిట్టిందిరా, నా పెళ్ళాం తిట్టిందిరా అని మంచం కోడు పట్టుకుని ఏడుపూ నవ్వూ. అందరూ ఏడుపూ నవ్వూ. ఆ గోధుమలు అక్కడే కూర్చుని తినేసేరు. పాదిరిగారు రెండుసార్లు పెట్టించుకున్నారంట.

అంతా అయ్యాక గెంచో నీరుగారిపోయేడు. సరే నువ్వు బతికేవు, మరి నా గతేంటి, గుడి ఎత్తు ఎంత కట్టాలో ఇప్పుడెలా తెలుస్తది, పురికొస గోడలో ఉంది, మళ్ళీ కొలుద్దామంటే గుర్రం లేదు. ఆగా కూడా చుక్క పోయిన దుఃఖంలో ఏడాది దాకా ఇంకో గుర్రం ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఉన్న పురికొస ఇదొక్కటే. అందరూ రాద్కా మొహం చూసేరు. రాద్కా ఏమందో తెలుసా? దీని ఎత్తే కట్టండి అంది. అమ్మో, రెండున్నర మూరలు ఎక్కువమ్మా, తలలు పోతాయి అన్నాడు గెంచో. నలభై రోజులు నేను చచ్చి బతికేను గెంచో, నాకింక భయం మిగల్లేదు, నువ్వు కట్టు, అడిగితే నేను చెప్తాను అంది. పెట్కోకి వణుకొచ్చింది, అయినా నోరెత్తలేదు. ఎత్తితే తిడతదని కాదు, తిట్టినా బాగానే ఉండేదంట, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

మిగిలిన గోధుమలు గిన్నెలో పెట్టుకుని ఆగా ఇంటికి కూడా ఎల్లింది రాద్కా. మీ చుక్క పేరు మీద, తినండి అని ఇచ్చింది. ఊళ్ళో గుర్రం కోసం పలకరించడానికి వచ్చింది అదొక్కత్తే. ఆగా తిన్నాడు.

నెల తిరక్కుండా గుడి లేచింది. ఆగా నడిచొచ్చేడు చూడ్డానికి, పక్కన ఆ లక్క ముద్రల గుమస్తా. జనమంతా ఒక పక్కన, గెంచో మేస్త్రి గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. ఆగా తలెత్తేడు. ఇంకా ఎత్తేడు. తలపాగా ఎనక్కి జారింది. ఇదేంటి, ఇంతెత్తా అన్నాడు. గుమస్తా కత్తి మీద చెయ్యేసి, ముద్రేసిన పురికొస ఏదీ, తియ్యండి అన్నాడు. అప్పుడు రాద్కా ముందుకొచ్చింది. అది గడియారం స్తంభం పునాదిలో ఉంది ఆగా, మీ చుక్క కొలత అందులో పెట్టి రాయి మూసేం, అందుకే స్తంభం నిలబడింది, మీ చుక్క దాన్ని మోస్తంది. చూడాలంటే స్తంభం కూల్చి తీసుకోండి. చూసేరా, ఒక్క మాట అబద్ధం లేదు అందులో! గుమస్తా కత్తి మీంచి చెయ్యి తీసేసేడు. స్తంభం కూల్చమని ఎవడంటాడు? ఆగా కళ్ళు ఏటి వైపు తిరిగేయి. స్తంభం మీద గడియారం కొడతంది. నా చుక్క అందులో ఉందా అన్నాడు. ఉంది ఆగా. మరి ఈ గోడ... నా చుక్క మీద నేను కూర్చుంటే ఇంతెత్తుండేవోణ్ణా? రాద్కా తలెత్తి గోడకేసి చూసింది. మీరే చెప్పండి ఆగా, మీ గుర్రం మీకు తెలీదా, అలాంటి గుర్రం ఇంకోటుందా అంది. ఆగా కళ్ళమ్మట నీళ్ళు. చాలాసేపు చూసి చూసి, అంతే, అంతే ఉండేది నా చుక్క, ఇంకా ఏలెడు ఎక్కువే ఉండేదేమో అని తల ఊపి ఎల్లిపోయేడు.

ఆ ఆదివారం అందరికంటే ముందు రాద్కా మెట్లు దిగి గుడిలోకి ఎల్లింది. అలవాటు కొద్దీ దూలం దగ్గర తలొంచింది. తర్వాత గుర్తొచ్చి నెమ్మదిగా ఎత్తింది. ఎక్కడా తగల్లేదు. ఇంకా ఎత్తింది. తగల్లేదు. అలా నిటారుగా నిలబడి ప్రార్థన అయ్యేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదంట.

ఆ స్తంభం ఇప్పటికీ ఉందంట, మా ఆయన చూసేడు. అయిదు నిమిషాలు ఆలస్యంగా కొడుద్ది. గుర్రం ఊపిరి తీసుకుంటందని చెప్పుకుంటారంట. గుడీ ఉంది. కోట సగముంది, మిగతా సగం జనం ఇళ్ళల్లో ఉంది. ఆగా మేడ మాత్రం లేదు, ఎక్కడుండేదో కూడా ఎవరికీ తెలీదు. కొలిచింది ఇద్దర్నీ కలిపి కదా, మరి గుర్రం పోయి ఆగా ఎందుకు పోలేదని మాత్రం అడక్కండి. నేనూ అడిగేను. ఏమో, బార్లీ ఎక్కువైందేమో అన్నాడు మా ఆయన. పాపం దానికి మాత్రం అన్యాయం జరిగింది, నేను ఒప్పుకుంటాను.

మా ఆయన ఓడ దిగి ఇంటికొచ్చి ఈ కథ చెప్పిన రోజున, రెండేళ్ళకొచ్చేడు కదా అని నేను చేపల పులుసు పెట్టి, కూర్చో మావా, తిను మావా అని మర్యాద చేస్తన్నాను. ఆయన ముద్ద ఆపి నా మొహం చూసి, ఏమే, నా నీడ గానీ ఎవరైనా కొలిచేరా అన్నాడు. అప్పుడర్థమైంది నాకు. ఆ పూట మొదలెట్టేను. ఉప్పు ఎక్కువైందంటే తిట్టేను, తక్కువైందంటే తిట్టేను, ఊరుకుంటే ఊరుకున్నావేంటని తిట్టేను. ఒక్క రోజు మానలేదు. ఎనభై రెండేళ్ళు నిక్షేపంగా బతికేడు. ఏ డాట్రు మందిస్తే బతుకుతాడే అంతకాలం? లేవండి, మీ మొగుళ్ళొచ్చే ఏళైంది, ఎల్లి తిట్టుకోండి.